కల్బా బడిపిల్లల శరత్తు

దూరదేశములందలి తెలుగువారి పిల్లలు ఎట్లు చదువుకొనుచున్నారో ఈ శీర్షికయందు అప్పుడప్పుడు ముచ్చటించుకొనుచున్నాము. ఈ మాసము అరబ్బు దేశపు తూర్పుతీరమునందలి కల్బా పట్టణమునకు పోవుదము. మన మారిషస్ ద్వీపమున అక్టోబరు వచ్చునప్పటికి చెరకు కోతలు సాగుచుండును, ఎండ నానాటికి ముదురుచుండును, పెద్ద తరగతుల పిల్లలు కేంబ్రిడ్జి పరీక్షలకై పుస్తకములు వదలరు. కల్బాలో అందుకు తలక్రిందులు. మనకు బడి ముగియుటకు వచ్చువేళ వారికి బడి కళకట్టు వేళ. అచ్చటి ఆశ్వయుజ కార్తికములే పిల్లలు మైదానమున కాలుమోపగల మొదటి మాసములు.

కల్బా ఒమాను సముద్రపు టొడ్డున నున్నది. షార్జా ఎమిరేటునకు చెందినదైనను, షార్జా నగరమునుండి అచ్చటికి పోవలెనన్న కొండలు దాటవలెను. 1936లో ఆంగ్లేయులు విమానములు దిగుటకు చోటు కావలసివచ్చి దీనిని ప్రత్యేక రాజ్యముగా గుర్తించిరి. 1952లో మరల షార్జాలో చేరినది. ఉత్తరమున కొద్దిమైళ్ల దూరముననే ఫుజైరా నగరము; అది వేరొక ఎమిరేటు. ఈ సరిహద్దు మనకు అప్రస్తుతమని తోచవచ్చును గాని, బడిపిల్లల తల్లులకు ఇది నిత్యవ్యవహారము. 2022 జనవరినుండి షార్జా పాలనలో శుక్ర శని ఆదివారములు మూడును సెలవు. ఫుజైరాలో శుక్రవారము మధ్యాహ్నము వరకు బడి యున్నది. కల్బాలో కాపురముండి ఫుజైరాలోని భారతీయ పాఠశాలకు పిల్లలను పంపు ఇంట, తండ్రి షార్జా ప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగియైనచో, శుక్రవారమునాడు ఆయన పడుకొనియుండగా పిల్లలు బస్సెక్కుదురు. ఈ ఏర్పాటు పిల్లలకు న్యాయముగా తోచునని నేననుకొనను.

అచ్చటి భారతీయ పాఠశాలలు పెక్కు ఢిల్లీలోని కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి, అనగా సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమమును అనుసరించును. విద్యాసంవత్సరము ఏప్రిలులో మొదలగును. జూలై ఆగస్టులు వేసవి సెలవులు. ఆగస్టు చివరివారమున బడి తెరచినను ఎండ తగ్గదు. ఆ దేశపు శాసనము ప్రకారము జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నరనుండి మూడు గంటల వరకు ఆరుబయట ఎండలో కూలిపని చేయింపరాదు. పెద్దలకే కూడని ఎండలో పిల్లలను ఆడనిత్తురా? కనుక సెప్టెంబరంతయు నాలుగు గోడల నడుమనే గడచును. అర్ధసంవత్సర పరీక్షలును ఈ ప్రాంతముననే వచ్చిపడును. అక్టోబరు నడుమకు వచ్చునప్పటికి సముద్రపుగాలి చల్లబడును. పరుగుపందెములు, బంతియాటలు, వార్షికోత్సవపు అభ్యాసములు ఒక్కపెట్టున మొదలగును.

ఉత్సవములలో మొదటిది ఓణము. గల్ఫు దేశములందలి భారతీయులలో మలయాళీలు హెచ్చుగనుక ఇది సహజమే. 2025లో తిరువోణము సెప్టెంబరు 5వ తేదీన వచ్చినది. కాని గల్ఫులో ఓణమునకు తిథితో పనిలేదని ఒక పరిహాసము కలదు. సంఘమునకొక శని ఆదివారము చొప్పున నవంబరు వరకు అరిటాకులు పరచుచునే యుందురు. తెలుగు పిల్లలును ఆ పంక్తిలో కూర్చుండి పాయసము త్రాగి, పూలముగ్గు వేసి వత్తురు. అందు తప్పేమియు లేదు. ఒకరి పండుగలో ఒకరు కలియుట మన ద్వీపమునకు క్రొత్త కాదు.

నవంబరు 3 ఆ దేశపు పతాక దినము, 2013నుండి జరుగుచున్నది. ఉదయము పదకొండు గంటలకు బడి మైదానమున జెండా ఎగురవేయుదురు. నవంబరు 14 నెహ్రూ జయంతి, బాలల దినము. ఆనాడు ఉపాధ్యాయులే ఆటపాటలతో పిల్లలను రంజింపజేయుట వాడుక. డిసెంబరు 2, 1971లో ఎమిరేటులు ఐక్యమైన దినము. అందుకై పిల్లలు అల్ అయ్యాలా యను నృత్యము నేర్తురు. రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలిచి, సన్నని వెదురుబెత్తములు చేతబట్టి, తప్పెటల మ్రోతకు తలలాడించుచు అడుగువేయుదురు. 2014లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ దీనిని మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. మన కోలాటమెరిగిన కన్నులకు ఆ బెత్తముల వరుస పరాయిదిగా కనబడదు. అయితే మనది చుట్టు తిరుగును, వారిది ఎదురుగా నిలుచును.

ఈ సందడిలో తెలుగు ఎక్కడ నున్నది?

ఉన్నది, రంగస్థలముమీద నున్నది. మహాలయ అమావాస్యతో బతుకమ్మ పండుగ మొదలగును. 2025లో సెప్టెంబరు 21న మొదలై 30వ తేదీన సద్దుల బతుకమ్మతో ముగిసినది. కరీంనగరు, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములవారు గల్ఫులో విశేషముగా నుండుటచే ఈ పండుగ అచ్చటికి వారితోడ వెళ్లినది. తంగేడు లేదు, గునుగు లేదు. బంతి, చామంతి విమానమున వచ్చినంతే. చాలనిచోట కాగితపు పూలు. ఆడపిల్లలు పట్టుపావడలు కట్టి, చప్పట్లు చరచుచు వలయముగా తిరుగుదురు. కోనసీమ పిల్ల ఆ పాట నేర్చుకొనుటకు జగిత్యాల పిల్లను అడుగును. ఆ పిల్ల యాసకు ఈ పిల్ల నవ్వును, ఈ పిల్ల యాసకు ఆ పిల్ల నవ్వును. స్వదేశముననైనచో వీరిద్దరు కలిసియుండెడివారే కారు. వార్షికోత్సవమున దేశపు నలుమూలల నృత్యములు చూపునప్పుడు తెలుగువారికి నాలుగైదు నిమిషములు దక్కును. తల్లిదండ్రులు లేచి నిలిచి ఛాయాచిత్రములు తీసికొందురు. నేను దీనిని తక్కువచేసి చెప్పను.

అయితే కాలపట్టికలో మాత్రము తెలుగు కానరాదు. ఆ దేశమున పరదేశ విద్యార్థులును తొమ్మిదవ తరగతి వరకు అరబ్బీ చదువవలెను. ఆంగ్లము సరేసరి. మిగిలిన భాషాస్థానమున హిందీ, కొన్నిచోట్ల మలయాళము, కొన్నిచోట్ల ఫ్రెంచి. తెలుగు దొరకుట మిక్కిలి అరుదు. విద్యామండలి తలుపు మూసినదా యన్న, అదియు లేదు. సి.బి.ఎస్.ఇ. భాషల పట్టికలో ఆంధ్రప్రదేశ్ తెలుగునకు ఒక సంఖ్య, తెలంగాణ తెలుగునకు వేరొక సంఖ్య, రెండు ప్రత్యేక విషయములుగా నున్నవి. లేనివి రెండే: తరగతికి చాలినంతమంది పిల్లలు, వారికి చెప్పు గురువు.

పిల్లలేల చాలరు? తెలుగువారు తక్కువయా? కానేకాదు. కాని వచ్చినవారిలో పెక్కుమంది ఒంటరిగా వచ్చినవారు. కుటుంబమును రప్పించుకొనవలెనన్న నెలకు 4000 దిర్హముల వేతనమైనను, లేక 3000 దిర్హములును వసతియునైనను ఉండవలెనని 2019నుండి నిబంధన కలదు. తాపీపనివాడు, బండినడుపువాడు చాలమంది ఆ గీతకు ఈవలనే నిలిచిపోవుదురు. వారి పిల్లలు కోరుట్లలోనో, మెట్‌పల్లిలోనో అమ్మమ్మయొద్ద పెరుగుచు తెలుగుబడికి పోవుచుందురు. కల్బాలో బడికి పోవువారు లెక్కలు వ్రాయువారి, నర్సుల, ఇంజనీర్ల పిల్లలు. తెలుగు బాగుగా వచ్చిన పిల్లలకు తండ్రి చెంతలేడు. తండ్రి చెంతనున్న పిల్లలకు తెలుగు రాదు. ఇంతకంటె విడ్డూరమున్నదా?

మన పెద్దలు ఈ ద్వీపమునకు వచ్చినప్పుడు మరియొక విధముగా జరిగినది. 1834 తరువాత ఒప్పందపు కూలీలుగా కోరంగి రేవునుండి నావలెక్కినవారి కష్టములు చెప్పనలవికావు. వానిని తేలిక చేయుట నా ఉద్దేశము కాదు. కాని వారిలో స్త్రీలును పిల్లలును ఉండిరి. తోటల శిబిరములలో కాపురములు వెలసినవి, మందిరము ప్రక్కన సాయంకాలపు బడి వెలసినది, రామభజనములో పాటతోబాటు మాటయు నిలిచినది. 1947లో ఆంధ్ర మహాసభ ఏర్పడుట, ప్రాథమిక పాఠశాలలలో తెలుగు చేరుట, 1970లో మోకాలో మహాత్మాగాంధీ సంస్థకు అంకురార్పణ జరుగుట, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మన గడ్డమీద జరుగుట, ఇవి అన్నియు వచ్చినవారు నిలిచిపోయినందున జరిగినవి. కల్బాలో ఎవరును నిలువరు. తండ్రి ఉద్యోగమున్నంతవరకే నివాసము. పన్నెండవ తరగతి ముగియగానే పిల్లలు హైదరాబాదుకో, విజయవాడకో, మరియొక ఖండమునకో కళాశాలలకై పోవుదురు. అందుచేత అచ్చటి ఉన్నత పాఠశాలయే తెలుగు పిల్లలు ఒకచోట కూడియుండు తుది తావు.

ఒక చిన్న మాట చెప్పెదను. కల్బాకు దక్షిణమున ఖోర్ కల్బా యను ఉప్పుకయ్య కలదు. అందు మడచెట్లు దట్టముగా పెరిగినవి. ఆ ప్రాంతపు అరబ్బు తీరమున మిక్కిలి పురాతనమైన మడ అడవియని దీనికి పేరు. షార్జా ప్రభుత్వము 2012లో దీనిని రక్షితప్రదేశముగా ప్రకటించినది. ఆ ఊరి పేరుతోనే శాస్త్రజ్ఞులు పిలుచు ఒక ఉపజాతి లకుముకిపిట్ట ఆ చెట్ల తొఱ్ఱలలో గూడుపెట్టును. శరత్తున చల్లబడిన తరువాత బడిపిల్లలు చూచి రాదగిన చోటు అది. వేళ్లు బురదనుండి మేకులవలె పైకి లేచి గాలి పీల్చును. ఆకులు ఉప్పును చెమటవలె వెలిగ్రక్కును. ఆకును నాలుకకు తాకించి ఉప్పదనము చూచిన పిల్లవాడు ఆ పాఠమును మరువడు.

ఈ చెట్టే కాకినాడ ప్రక్క గోదావరి నోట కోరంగిలోను కలదు. 1839 నవంబరులో తుపాను ముంచిన కోరంగి అది. మన పూర్వులను "కోరంగీలు" అని ఈ ద్వీపమున పిలిపించిన కోరంగి అది. అచ్చటి జాలరి "మడ" అనును. రెండక్షరములు. ఖోర్ కల్బా ఒడ్డున నిలిచిన తెలుగు పిల్లవానిని అడిగినచో ఆంగ్లపు పేరు చెప్పును, అరబ్బీలో "ఖుర్మ్" అని చెప్పును, తెలుగు పేరు చెప్పలేక నవ్వి ఊరకుండును. వాని తాత తాళ్ళరేవువాడైనను అంతే. బతుకమ్మ పాట వాని చెల్లెలికి కంఠస్థముగా నుండవచ్చును, కాని పాటలో లేని మాట ఆమెకు ఎక్కడనుండి వచ్చును? నృత్యము నేర్పిన ఆ పది సాయంకాలములలో రెండు సాయంకాలములు అక్షరములకు ఇచ్చియుండినచో అని నాకు తోచుచున్నది.

చేయదగిన పనులు లేకపోలేదు. కేరళ ప్రభుత్వము 2009లో మలయాళ మిషన్ అను సంస్థను స్థాపించి, దేశాంతరములందలి తమ పిల్లలకు తరగతులవారీగా పాఠములు, పరీక్షలు, పత్రములు ఏర్పరచినది. తెలుగువారిలో అమెరికానుండి 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి పలుదేశములకు ప్రాకినది. యంత్రము ద్వారా ఇంటనుండియే నేర్చుకొను వీలు నేడు కలదు గాని, తోటి పిల్లలు ప్రక్కన లేని చదువు ఎన్నాళ్లు నిలుచునో సందేహమే. ఎమిరేటులలో ఇష్టమువచ్చినచోట నలుగురు పిల్లలను చేర్చి రుసుము తీసికొని పాఠము చెప్పరాదు, అనుమతి కావలెను. 2023 డిసెంబరునుండి ప్రైవేటు బోధకులకు అనుమతిపత్రము నిచ్చు పద్ధతి వచ్చినది. కల్బాలో భారతీయ సాంఘిక సాంస్కృతిక కేంద్రమును, ఫుజైరాలో భారతీయ సాంఘిక కేంద్రమును ప్రభుత్వానుమతితో నడచుచున్నవి. ఓణపు విందులు, నృత్యములు జరుగునది ఇట్టి మందిరములలోనే. శనివారము కల్బా పిల్లలకును ఫుజైరా పిల్లలకును ఒక్కటే సెలవు. గంటసేపు చాలును. తల్లులలో చదువుకొన్నవారు పెక్కుమంది కలరు, స్వదేశమున ఉపాధ్యాయినులుగా పనిచేసినవారును ఉండకపోరు. ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో వచ్చి మొదలుపెట్టునని ఎదురుచూచుట వ్యర్థము. మన తాతలు ఎవరికొరకును ఎదురుచూడలేదు.

డిసెంబరు నడుమ శీతకాలపు సెలవులు వచ్చును. తరువాత పెద్ద తరగతులవారికి జనవరిలో ప్రయోగపరీక్షలు, ఫిబ్రవరిలో మండలి పరీక్షలు. ఇక ఆటపాటలు లేవు.

మన ద్వీపపు తీరమునను మడచెట్లు కలవు. క్రియోలులో "మాంగ్లియే" అందుము. మన ఇండ్ల ముసలివారిలో ఎవరైనను దానికి తెలుగు పేరు నేటికిని పలుకుచున్నారా? ఆ పేరు "మడ" యేనా, మరియొకటియా? తెలిసినవారు మందిర కార్యాలయమునకు ఒక కార్డు వ్రాయుడు. వచ్చు సంచికలో ప్రకటించెదము.