వేషము, విశ్వాసము, విశ్రాంతిదినము

ఢిల్లీ నగరమున టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15వ తేదీన ఆరంభమైనవి. జాతీయ నాటక విద్యాలయము కూడ ఆ యేడే ఆ నగరముననే వెలసినది. నాటినుండి నటనను జీవనోపాధిగా ఎంచుకొన్న యువతీయువకులు దేశపు నలుమూలలనుండి మండీహౌస్ పరిసరములకు వచ్చుచునే యున్నారు. వారిలో క్రైస్తవ గృహములయందు పుట్టి పెరిగినవారును కలరు. అట్టివారికి పెండ్లియై, బిడ్డలు కలిగి, టెలివిజన్‌లో కొంత పేరు వచ్చిన పిమ్మట రెండు దిక్కులనుండి ఒకే ప్రశ్న ఎదురగును. "విశ్వాసమును, సంసారమును, వృత్తిని ఎట్లు సరితూచుకొనుచున్నారు?" అని సంఘపెద్దలు అడుగుదురు, పత్రికలవారును అడుగుదురు. పెద్దల కంఠమున అనుమానము, పత్రికలవారి కంఠమున ఆశ్చర్యము వినిపించును గాని ప్రశ్న ఒక్కటే. ఆ ప్రశ్నను తరచి చూడవలసి యున్నది. ఏలనన అందు పైకి కనబడని అన్యాయ మొకటి దాగియున్నది.

తక్కెడ పట్టుకొన్నవాడు నటుడేనని ఆ ప్రశ్న ముందుగానే నిర్ణయించుచున్నది. తూకము చెడినచో తప్పు అతని చేతిదే. అతని భక్తి చాలలేదు, లేదా ఆమెకు ఇంటిపై ప్రేమ చాలలేదు. ఆ తక్కెడలో వేసిన కాలమనెడి బరువు ఎవరిదో, దానిని వేసిన దెవరో ఎవ్వరును అడుగరు. విశ్వాసమునకును నటనకును సహజవైరము లేదు; సంసారమునకును నటనకును లేదు. ఉన్న వైరము పనిగంటలతో. ఈ సంగతి స్పష్టము కావలెనన్న ముందుగా సంఘపెద్దల ఆక్షేపణను న్యాయముగా వినవలెను.

వారి ఆక్షేపణ తేలికయైనది కాదు. నటుడు తాను కానివాని మాటలు పలుకును. తన భార్య కాని స్త్రీతో ప్రణయము నటించును. హిందూ కుటుంబపు కథయైనచో హారతి పట్టును, బొట్టు పెట్టుకొనును, మ్రొక్కును. ఇవి చేసిన చేతులతో ఆదివారమున ప్రభుభోజన సంస్కారము నందుకొనుట ఎట్లు? ఈ సందేహము క్రొత్తదియు గాదు. క్రీ.శ. 314లో ఆర్లె పట్టణమున సమావేశమైన క్రైస్తవ గురువులు, రంగస్థల వృత్తిలో నున్నంతకాలము నటులకు సంస్కారము నీయరాదని శాసించిరి. 1673లో మోలియేరు మరణించినపుడు ఆ మహానాటకకర్తకు క్రైస్తవ సంస్కారములతో సమాధి దొరకుట దుర్లభమై, చివరకు రాత్రివేళ పూడ్చవలసి వచ్చినది.

అయితే అదే క్రైస్తవ సమాజము నాటకము లేకుండ బ్రతికినదియు లేదు. మధ్యయుగపు ఐరోపాలో బైబిలు గాథలు వీధులలో నాటకములై ఆడినవి. జర్మనీలోని ఒబెరమ్మెర్గౌ గ్రామస్థులు 1634 మొదలు క్రీస్తు శ్రమల నాటకమును తరతరములుగా ఆడుచున్నారు. అందు క్రీస్తు వేషమును, యూదా వేషమును వేయువారు ఆ ఊరి సంసారులే. తెలుగునాట సువార్త హరికథయై, బుఱ్ఱకథయై పల్లెలకు పోయినది. వేషము పాపమైనచో ఈ వేషములన్నియు పాపములే కావలెను. వేషము తన పక్షమున ఉన్నపుడు పుణ్యము, పరుల పక్షమున ఉన్నపుడు పాపము అనుట ధర్మనిర్ణయము కాజాలదు, అది పక్షపాతము.

తెలుగువారికి దీనికి మించిన నిదర్శనము ఇంటనే యున్నది. 1978లో వెలువడిన 'కరుణామయుడు' చిత్రమున క్రీస్తు పాత్ర ధరించిన విజయచందర్ క్రైస్తవ కుటుంబమున పుట్టినవాడు కాడు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు వంశమునకు బంధువు. ఆ చిత్రమును క్రైస్తవ సంఘములు ఊరూర ప్రదర్శించినవి. చూచినవారు కన్నీరు పెట్టుకొన్నారు. 1986లో ఆ నటుడే షిర్డీ సాయిబాబా పాత్రను ధరించినాడు. సిలువ మోసినందువలన అతడు తన పుట్టుకకు ద్రోహము చేసినాడని ఎవ్వరును అనలేదు. ఇతరమతస్థుడు క్రీస్తు వేషము వేయుట సువార్తకు సేవయైనపుడు, క్రైస్తవుడు కెమెరా ముందు హారతి పట్టుట విశ్వాసఘాతుక మెట్లగును? ఆరాధన హృదయపు పని; అభినయము దేహపు పని. ఈ రెంటికి భేద మెరుగుట ప్రేక్షకునికి సాధ్యమైనపుడు సంఘకాపరికి అసాధ్యము కారాదు.

కళకును సంఘమునకును నడుమ నలిగిన మనిషి చరిత్ర తెలుగువారికి మఱొకటి తెలియును. గుఱ్ఱం జాషువ యౌవనమున మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడు. చిన్ననాటనే పెండ్లియైన గృహస్థుడు. హిందూ పురాణగాథలను చదివి వానిపై కవిత్వము చెప్పెనన్న నెపమున క్రైస్తవ పెద్దలు ఆయనను వెలివేసిరి. ఆ దినములలో ఆయన రాజమహేంద్రవరమున మూకీ చిత్రములకు కథ చదివి వినిపించి పొట్ట పోసికొన్నాడు. నోరులేని తెరబొమ్మలకు నోరైనవాడు ఆయన. ఆ మహాకవియే పిమ్మట 'క్రీస్తు చరిత్ర' రచించినాడు. ఆ కావ్యమునకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. నాడు వెలివేసిన పెద్దల పేరులు ఎవరికి జ్ఞాపక మున్నవి? కావ్యము మాత్రము నిలిచినది. కళాకారుని విశ్వాసమును కొలుచుటకు తొందరపడువారు ఈ ఒక్క ఉదాహరణమునైన మననము చేయుట మంచిది.

ఇక ఢిల్లీ సంగతి. 1964లో ఆ నగరమున 'యాత్రిక్' నాటక సంస్థను స్థాపించినవారిలో ప్రముఖురాలైన జాయ్ మైకేల్, చర్చి ఆధ్వర్యవమున నడచు సెయింట్ థామస్ పాఠశాలకు ప్రధానాచార్యురాలుగా పనిచేసినది. 2012లో ఆమెకు పద్మశ్రీ లభించినది. రంగస్థలమును నడపు స్త్రీకి తమ ఆడుబిడ్డల చదువును అప్పగించుటకు ఢిల్లీ క్రైస్తవులు సందేహింపలేదు. ఆచరణలో చూపిన ఈ విశాలతను ఉపదేశములో చూపుటకు సంకోచ మెందులకు?

ఆ నగరపు రంగస్థలముననే పేరు గాంచిన మఱొక నటుడు టామ్ ఆల్టర్. 1916లో అమెరికానుండి భారతదేశమునకు వచ్చిన మిషనరీ కుటుంబపు మనుమడు. 1950లో ముస్సోరీలో పుట్టినాడు. 1977లో గృహస్థుడై, ఇద్దరు బిడ్డలకు తండ్రియైనాడు. 1990వ దశకమున దూరదర్శన్‌లో ప్రసారమైన 'జునూన్' ధారావాహికలో నేరగాని పాత్ర ధరించి ఇంటింట తెలిసినవాడైనాడు. ఢిల్లీలోని పియరోస్ ట్రూప్ ప్రదర్శించిన నాటకమున ఈ క్రైస్తవుడు మౌలానా ఆజాద్ వేషము ధరించి, గంటలకొలది స్వచ్ఛమైన ఉర్దూ పలికెడివాడు. 2017లో మరణించువరకు ఆ నాటకమునకు అతని పేరే గుర్తు. క్రైస్తవ గృహమున పుట్టి, తెరపై దుష్టుడై, రంగముపై మౌలానాయైన ఈ మనిషి దేనిని ద్రోహము చేసినాడు? దేనినీ కాదు. అతడు తన పని చేసినాడు.

తెలుగు క్రైస్తవులలో అందరెరిగిన నటుడు జానీ లీవర్. కనిగిరిలో 1957లో పుట్టిన జాన్ ప్రకాశరావు జనుమల బొంబాయిలో పెరిగి, హిందూస్థాన్ లీవర్ కర్మాగారమున కూలిపని చేయుచు, అధికారులను అనుకరించి తోడివారిని నవ్వించి, ఆ సంస్థ పేరునే ఇంటిపేరుగా పొందినాడు. 1984లో పెండ్లియాడినాడు. సినిమాలలోను, టెలివిజన్ హాస్య కార్యక్రమములలోను దశాబ్దములు పనిచేసినాడు. కుమారుని అనారోగ్యకాలమున తన విశ్వాసము గట్టిపడినదని తానే బహిరంగముగా సాక్ష్యము చెప్పినాడు; నటన మానలేదు, ప్రార్థనసభలలో బోధించుటయు మానలేదు. అతని కుమార్తె జేమీ సైతము హాస్యనటియే. దీనికి భిన్నముగా, 2004లో వచ్చిన 'ఆనంద్' చిత్ర కథానాయకుడు రాజా కాలక్రమమున నటన విడిచి క్రైస్తవ బోధకుడైనాడు. ఇద్దరి మార్గములును గౌరవింపదగినవే. ఆక్షేపింపదగిన దేదనగా, రెండవవాని మార్గమును మొదటివానికి విధిగా చూపుట. ఒకడు స్వచ్ఛందముగా త్యజించినదానిని పదిమందికి శాసనము చేసినచో త్యాగము త్యాగము గాక పోవును.

ఇంతవరకు చెప్పినది సంఘపెద్దలకు. అయితే ఆక్షేపణ వారితో ముగియుట లేదు. టెలివిజన్ సంస్థల వ్యవహారము ఇంతకంటె కఠినముగా విచారింపదగినది.

1984 జూలైలో ఢిల్లీ దూరదర్శన్ ప్రారంభించిన 'హమ్ లోగ్' సుమారు 17 నెలలలో 150కి పైగా భాగములు నడచినది. 2000లో ఆరంభమై 2008 వరకు సాగిన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' భాగములు 1,800కు పైబడినవి. వారమున కొన్నినాళ్లు వచ్చిన కథ రోజువారీ కథయైనది. రోజు చూపవలెనన్న రోజు తీయవలెను. నేడు ముంబయి టెలివిజన్ రంగమున 12 గంటల కాల్షీటు వాడుకయైనది. రాకపోకలు, మేకప్ వేళ దానిపై అదనము. భాగము ఆగరాదు, కనుక నటునికి జ్వరము రారాదు, బిడ్డకు పరీక్షలు రారాదు, ఆదివారము రారాదు. ఆదివారపు ప్రాతఃకాలము క్రైస్తవునికి ఆరాధనవేళ అనుట అందరెరిగినదే. ఆ వేళనే 1987 జనవరి 25నుండి 'రామాయణ్' ప్రసారమై దేశమును ఇండ్లలో కూర్చుండబెట్టినది. అది ప్రేక్షకుని ఆదివారము. నేటి రోజువారీ కథ నటుని ఆదివారమును తీసికొనుచున్నది.

ఢిల్లీ నటునికి దూరభారము కూడ తోడగుచున్నది. నోయిడాలో ఫిల్మ్ సిటీ కలదు గాని, అందు నేడు అధికముగా వినవచ్చునది వార్తాసంస్థల సందడియే. హిందీ ధారావాహికల పని ప్రధానముగా ముంబయిలో జరుగుచున్నది. ఢిల్లీలో విద్య నేర్చి, ఢిల్లీలో కాపురము పెట్టినవాడు ముంబయికి పోయి సంపాదింపవలెను. భార్య యొకచోట, భర్త యొకచోట, బిడ్డలు తాతగారింట. ఇట్టి కుటుంబమును చూచి, "ప్రార్థన తగ్గినందున సంసారము సడలినది" అని ఉపదేశించువారు, రైలుచక్రము విరిగినపుడు ప్రయాణికుని నడకను తప్పుపట్టువారివంటివారు.

ఈ అన్యాయము స్త్రీయెడల రెట్టింపగును. నటుడైన భర్తను చూచి "ఇల్లెట్లు చక్కబెట్టుకొనుచున్నారు?" అని అడుగువారు అరుదు. నటియైన భార్యకు అది మొదటి ప్రశ్న. సరితూచుట అను మాట పైకి ఉభయులకు చెప్పినట్లుండును. బరువు మాత్రము ఒకరి తలపైననే పెట్టబడును. పండ్రెండు గంటలు దీపముల వేడిలో నిలిచి వచ్చిన స్త్రీ ఇంట వండలేదని సంఘము నొచ్చుకొనును. వండుటకు పోవుదునన్నచో నిర్మాత నొచ్చుకొనును. ఆమె నొప్పి నడుగువారు లేరు.

"లక్షలు గడించువారిపై ఇంత జాలి యెందుకు?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ మాటలో కొంత నిజము కలదు. తెరపై కనబడు ముఖములలో కొన్నింటికి ధనము మెండు. అయితే ఆ ఒక్క ముఖము వెనుక దీపములు మోయువారు, తీగెలు లాగువారు, రంగులు పూయువారు, దుస్తులు కుట్టువారు, టీ అందించువారు అన్నే గంటలు నిలుతురు. వారికి లక్షలు లేవు. నటుని ఆదివారము పోయిననాడు వారి సెలవును పోయినది. వారిలో శుక్రవారము నమాజునకు పోవలసినవాడు ఉండును, పండుగనాడు ఊరికి పోవలసినవాడు ఉండును, ఏ మతమును లేక కేవలము నిద్ర కావలసినవాడును ఉండును.

క్రైస్తవ సంఘము తన స్వంత ధర్మమును జ్ఞప్తికి తెచ్చుకొనవలసినది ఇచ్చటనే. విశ్రాంతిదినపు ఆజ్ఞ యజమాని ఒక్కనికే సెలవీయలేదు. దాసునికి, దాసికి, పరదేశికి, పశువునకు సైతము ఇచ్చినది. ఆ ఆజ్ఞను బోధించువారు నటుని వేషమును విచారించుటలో చూపు శ్రద్ధలో సగమైన అతని కాల్షీటును విచారించుటలో చూపినచో, అది విశ్వాసులకును అవిశ్వాసులకును మేలగును.

ఢిల్లీలోని పార్లమెంటు 1981లో చలనచిత్ర కార్మికులకొరకు చట్టము చేసినది. దాని చూపు కథాచిత్రములను దాటలేదు. టెలివిజన్ పనివారిని దృశ్యశ్రవణ కార్మికులుగా గుర్తించి, వారితో వ్రాతమూలకమైన ఒప్పందము ఉండవలెననియు, అందు వేతనము, పనిగంటలు, క్షేమసౌకర్యములు పేర్కొనవలెననియు విధించినది 2020నాటి వృత్తిభద్రతా స్మృతి. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ప్రథమ ప్రసారమునకును ఈ గుర్తింపునకును నడుమ అరువది ఆరేండ్లు గడచినవి. చట్టము కాగితముపై నున్నది. అది స్టూడియో వాకిలి దాటి లోనికి పోవలెనన్న అడుగువారుండవలెను. నటుల సంఘములు అడుగవలెను, నిర్మాతలను ప్రేక్షకులు అడుగవలెను, ప్రార్థనామందిరములు కూడ అడుగవలెను.

కనుక వివాహితుడైన క్రైస్తవ నటుని ఎదుట ఇకమీదట వేయదగిన ప్రశ్న వేరు. "ఎట్లు సరితూచుకొనుచున్నావు?" అని అతనిని అడుగుట మానవలెను. "ఇతనికి వారమున ఒక దినము ఎందులకు లేదు?" అని అతనికి పని యిచ్చినవానిని అడుగవలెను. ఆ దినము దక్కిననాడు అతడు చర్చికి పోవునా, బిడ్డను తోటకు తీసికొని పోవునా, పండుకొని నిద్రించునా అనునది అతని యిష్టము. దానికి ఎవ్వరికిని సంజాయిషీ చెప్పవలసిన పని లేదు.