అబద్ధాల పుస్తకం, ఆటల పుస్తకం, దొంగల పుస్తకం

మొన్న పండక్కి రాయవరం వెళ్తూ మూడు పుస్తకాలు బ్యాగులో పడేసుకున్నాను. మూడూ ఇదివరకు చదివినవే, కాకపోతే వేర్వేరు సంవత్సరాల్లో. ఈసారి వరసపెట్టి చదవాలనిపించింది. అరుగు మీద కూర్చుని చదువుతుంటే మా బాబాయి వచ్చి, ఒక్కోటీ చేతిలోకి తీసుకుని "ఇందులో ఏవుందిరా?" అని అడిగాడు. చెప్పాను. అంతా విని, "అయితే ఒకటి అబద్ధాల పుస్తకం, ఒకటి ఆటల పుస్తకం, ఒకటి దొంగల పుస్తకం. నీ ఉజ్జోగానికి ఇయ్యేం పనికొస్తాయిరా అబ్బాయ్?" అని తేల్చేశాడు.

అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ ప్రశ్న మాత్రం వదల్లేదు. తిరిగి హైదరాబాద్ వచ్చేదాకా దాని గురించే ఆలోచన. జవాబు దొరికిందనే అనుకుంటున్నాను. ఓ నాలుగు ముక్కలు రాస్తాను, వినండి.

ముందు అబద్ధాల పుస్తకం. లియు సిషిన్ రాసిన 'ది త్రీ బాడీ ప్రాబ్లమ్'. 2008లో చైనాలో పుస్తకంగా వచ్చింది, 2014లో కెన్ లియు ఇంగ్లీషులోకి తెచ్చాడు, 2015లో హ్యూగో అవార్డు కొట్టింది. రచయిత ఒక పవర్ ప్లాంటులో కంప్యూటర్ ఇంజనీరుగా పనిచేసినవాడు, అంటే మన జాతే అన్నమాట :-). సైన్స్ ఫిక్షన్ అంటే మా బాబాయికి 1991 నాటి 'ఆదిత్య 369', అందులో టైమ్ మెషిన్. ఇందులో అలాంటి హడావిడి తక్కువ. (కథ ముందే తెలిస్తే నచ్చనివాళ్ళు ఇక్కడి నుంచి తర్వాతి పేరాకి దూకెయ్యండి.) మన మీదకి రాబోయే గ్రహాంతరవాసులు ముందుగా బాంబులు వెయ్యరు. మన పార్టికల్ ఆక్సిలరేటర్లలో వచ్చే రీడింగుల్ని పాడుచేస్తారు, అంతే. ప్రయోగం చేసిన ప్రతిసారీ ఒక్కో రకం అంకె వస్తుంది. ఫిజిక్సు అక్కడే ఆగిపోతుంది. ఏ అంకెనీ నమ్మలేని స్థితిలో కొందరు శాస్త్రవేత్తలు ప్రాణాలే తీసుకుంటారు. మొదటిసారి చదివినప్పుడు ఇది మంచి ట్విస్టు అనుకున్నాను. ఈసారి మాత్రం కొంచెం భయమేసింది. కొలత చెడగొడితే చాలు, మిగతాదంతా దానంతటదే కూలిపోతుందన్నమాట.

రెండోది ఆటల పుస్తకం. డేవిడ్ కుష్నర్ రాసిన 'మాస్టర్స్ ఆఫ్ డూమ్' (2003). జాన్ కార్మాక్, జాన్ రొమేరో అనే ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళ ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీ కథ. 1993 డిసెంబరు 10న 'డూమ్' విడుదల చేశారు, మొదటి భాగం ఫ్రీగా. కాలేజీ ల్యాబుల్లో ఆడినవాళ్ళకి 'ఐడీడీక్యూడీ' అనే చీట్ కోడ్ గుర్తుండే ఉంటుంది. అది టైప్ చేస్తే గాడ్ మోడ్, ఎంతమంది కాల్చినా మనకేమీ కాదు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే విషయం వేరే. 1997లో కార్మాక్ డూమ్ సోర్స్ కోడ్‌ని బయటపెట్టేశాడు. గాడ్ మోడ్ ఎలా పనిచేస్తుందో కావాలంటే ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. దాచిందేమీ లేదు. ఆటలో మోసం ఉంది, కానీ ఆ మోసం కూడా అందరికీ తెలిసిన మోసమే.

ఇక మూడోది దొంగల పుస్తకం. జాన్ క్యారీరూ రాసిన 'బ్యాడ్ బ్లడ్' (2018). ఒక్క చుక్క రక్తంతో బోలెడన్ని పరీక్షలు చేస్తామని చెప్పి, ఒక దశలో సుమారు 900 కోట్ల డాలర్ల విలువ పలికిన థెరనోస్ కంపెనీ కథ. అక్కడ టైలర్ షుల్జ్, ఎరికా చుంగ్ అని కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన ఇద్దరు పనిచేశారు. సరిపడని రీడింగుల్ని 'అవుట్‌లయర్' అని పక్కకి తోసేసి మిగతావాటితో లెక్క చూపించడం వాళ్ళు కళ్ళారా చూశారు. అడిగారు. జవాబు రాకపోతే బయటికొచ్చి చెప్పారు. టైలర్ వాళ్ళ తాతగారు జార్జ్ షుల్జ్, ఒకప్పటి అమెరికా విదేశాంగ మంత్రి, ఆ కంపెనీ బోర్డులోనే ఉన్నారు! ఆయన మనవడి మాట నమ్మలేదు. లాయర్లకే ఆ కుటుంబానికి 4 లక్షల డాలర్ల పైన అయింది. కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్‌కి 2022 నవంబరులో 11 ఏళ్ళకి పైగా జైలు శిక్ష పడింది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారా? మనకి సత్యం ఉందిగా. 2009 జనవరి 7. రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చిన రోజు. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆయనే రాశాడు. ఆ ఒక్కరోజులో షేరు విలువ నాలుగింట మూడొంతులకు పైగా పోయింది. 50 వేల పైచిలుకు ఉద్యోగులు రాత్రికి రాత్రి ఏమవుతామో తెలియక కూర్చున్నారు. కింగ్షుక్ నాగ్ అదే సంవత్సరం 'ది డబుల్ లైఫ్ ఆఫ్ రామలింగరాజు' అని పుస్తకం కూడా రాశాడు. అన్నిటికన్నా నన్ను పట్టి కుదిపింది దర్యాప్తులో బయటపడ్డ ఒక చిన్న టెక్నికల్ వివరం. ఇన్‌వాయిస్‌ల సిస్టమ్‌లో 'సూపర్ యూజర్' లాగిన్ ఒకటి ఉండేది. ఏడువేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు అందులోంచి ఎక్కాయి, ప్రాజెక్టు నడిపేవాళ్ళకి కనపడకుండా. అంటే ఇదీ గాడ్ మోడే. తేడా ఏంటంటే, దీని సోర్స్ ఎవరికీ చూపించలేదు. ఈ ఏర్పాటు దానంతటదే పుట్టదు కదా. ఎవరో ఒకరు కోడ్ రాయాలి, యాక్సెస్ ఇవ్వాలి.

ఇక్కడిదాకా ఊళ్ళోవాళ్ళ సంగతి. నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నీతులు చెప్పినట్టుంటుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు (కంపెనీ పేరు అనవసరం). వంద టెస్ట్ కేసులు, 62 పాస్. స్టేటస్ రిపోర్ట్ నేనే తయారుచెయ్యాలి. 62 శాతం అని పెడితే రెడ్, కాల్ మీద గంటసేపు చీవాట్లు. పాస్ కాని వాటిలో 30 కేసుల్ని 'తర్వాతి రిలీజ్' అనే షీట్‌లోకి మార్చాను. ఇప్పుడు 70కి 62, దాదాపు 89 శాతం. గ్రీన్! అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు చూడండి. మా టీమ్‌లో అప్పుడే చేరిన టెస్టర్ కుర్రాడు ఆ షీట్ చూసి "అన్నా, ఆ ముప్ఫై ఎక్కడికెళ్ళాయి?" అనడిగాడు. "తర్వాత చూద్దాంలేరా" అన్నాను. ఆ తర్వాత వాడు నన్నెప్పుడూ అలాంటి ప్రశ్న అడగలేదు. రిలీజ్ అయ్యాక ఆ ముప్ఫైలోవే బయటపడితే మూడు వారాంతాలు ఆఫీసులో కూర్చున్నది కూడా వాడే.

'బ్యాడ్ బ్లడ్'లో అవుట్‌లయర్ల దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేసింది అందుకే. వాళ్ళు చేసింది రక్తపరీక్షల్లో, నేను చేసింది ఎక్సెల్‌లో. నష్టంలో ఏనుగుకీ దోమకీ ఉన్నంత తేడా ఉంది, ఒప్పుకుంటాను. పద్ధతి మాత్రం ఒకటే.

"హోమ్‌లోను, వీసా, పిల్లల ఫీజులు.. ఇవన్నీ నెత్తిన పెట్టుకుని అందరం టైలర్ షుల్జ్‌లం అయిపోగలమా?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందరినీ వెళ్ళి రెగ్యులేటర్‌కి ఉత్తరం రాయమని నేననను, ఆ ధైర్యం నాకూ లేదు. కానీ దానికన్నా చాలా కింద, జీతం పోకుండా చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. లెక్కలోంచి తీసేసిన కేసుల సంఖ్య అదే స్లైడ్ మీద కనపడేలా రాయడం. నోటిమాటగా "మార్చెయ్" అంటే "సరే, ఒక మెయిల్ పెట్టండి" అనడం. అడ్మిన్ లాగిన్ ఎవరికిచ్చినా దాని లాగ్ ఇంకొకరికి కనపడేలా పెట్టడం. జూనియర్ అడిగిన ప్రశ్నని నవ్వి తోసెయ్యకపోవడం. పెద్ద మోసాలకి దారి ఇలాంటి చిన్నచోట్లే మొదలవుతుందని నా అభిప్రాయం. అంకె తెర మీదకి రాకముందే అది తెలిసేది మనకి, సీఈఓకి కాదు.

మొన్న ఆదివారం ఫోన్‌లో బాబాయికి ఇదంతా చెప్పాను, నా 62 శాతం భాగోతంతో సహా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ధాన్యం అమ్మేటప్పుడు నేను కాటా దగ్గర్నుంచి కదలను, చూశావుగా? షావుకారు మీద అనుమానవని కాదురా. తూకం తేడా వస్తే ముందు తెలిసేది కాటా వేసే కుర్రాడికి. ఆడు నా మొహం చూడాలి గదా," అన్నాడు. ఆ తర్వాత, "ఇంతకీ ఆ టెస్టరు కుర్రాడికి చెప్పావా?" అనడిగాడు.

చెప్పలేదు. వాడిప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు, నంబరు నా దగ్గరుంది. ఈ వారం ఫోన్ చేస్తాను.