కాపురం విడిపోతే... పాడిగేదె ఎవరిది?

శ్రీకాకుళం, విజయనగరం: భార్యాభర్తలు విడిపోయేటప్పుడు రాసుకునే కాగితాల్లో బంగారం ఉంటుంది, భరణం ఉంటుంది, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలన్నదీ ఉంటుంది. శాలలో కట్టేసిన గేదె ఊసు గానీ, వాకిట్లో కాపలా కాసే కుక్క ఊసు గానీ కనిపించడం అరుదు. తెగతెంపుల నాడు అవి ఎక్కడుంటే అక్కడే మిగిలిపోతాయి. పల్లెల్లో ఆ చోటు సాధారణంగా అత్తవారిల్లే. మేత వేసి, కుడితి పెట్టి, పాలు పితికిన ఇల్లాలు వట్టి చేతులతో పుట్టింటి దారి పట్టాల్సి వస్తోంది.

నగరాల్లో ఇదే వివాదం కుక్కల రూపంలో కోర్టుకెక్కుతోంది. తృణమూల్ ఎంపీ మహువా మొయిత్రా, న్యాయవాది జై అనంత్ దేహద్రాయ్ దంపతులు కాకపోయినా, హెన్రీ అనే రాట్‌వీలర్ కుక్క ఎవరి దగ్గర ఉండాలన్న వారి తగాదా 2025లో ఢిల్లీ హైకోర్టు వరకు వెళ్లింది. భర్తకు దూరంగా ఉంటున్న ఒక మహిళకు 2023లో ముంబయి బాంద్రా మేజిస్ట్రేట్ కోర్టు నెలకు రూ.50 వేల మధ్యంతర భరణం మంజూరు చేసింది. ఆమె పెంచుకుంటున్న మూడు కుక్కల పోషణనూ అందులో పరిగణనలోకి తీసుకుంది. మన పల్లెల్లో మాత్రం ఈ ప్రశ్న ముందుగా ఎదురయ్యేది పాడి పశువు దగ్గర. అది పేరు పెట్టి పిలుచుకునే ఇంటి ప్రాణి, బతుకుతెరువు కూడా.

చట్టం దృష్టిలో చరాస్తి

విడాకుల తర్వాత పెంపుడు జంతువు ఎవరికి చెందాలో చెప్పే ప్రత్యేక నిబంధన మన వివాహ చట్టాల్లో లేదు. కుక్కయినా, ఆవయినా చరాస్తి కిందే లెక్క. 1955 నాటి హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్, పెళ్లి సందర్భంగా వచ్చి దంపతులిద్దరికీ ఉమ్మడిగా చెందే ఆస్తిపై ఉత్తర్వులిచ్చే అధికారాన్ని కోర్టుకు కల్పించింది. పుట్టింటివారు కూతురికి అరణంగా తోలిన ఆవు సంగతి వేరు. అది ఆమె స్త్రీధనం. స్త్రీధనంపై సర్వహక్కులూ భార్యవేనని, అత్తింట ఉన్నంత మాత్రాన అది భర్త సొత్తు కాబోదని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అప్పు ఆమెది... గేదె ఆయనది

2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. నాటి నుంచి మహిళా సంఘాల రుణాలతో పాడి పశువులు కొనుక్కోవడం ఇక్కడి పల్లెలకు అలవాటయింది. రుణం మహిళ పేరున ఉంటుంది. కాపురం చెడితే గేదె భర్త ఇంట మిగులుతుంది, వాయిదాలు మాత్రం ఆమె వెంటే వస్తాయి. ఆమె కట్టలేకపోతే ఆ భారం తోటి సభ్యులపై పడుతుంది.

హక్కు ఉన్నా రుజువు చేయడం సులభం కాదు. అరణానికి రసీదు రాయించుకునే వారుండరు. పశువు చెవికి వేసే 12 అంకెల ట్యాగు కింద యజమాని పేరు నమోదవుతుంది. ఇంటి పెద్ద అంటూ అక్కడ భర్త పేరు రాయిస్తే, ఆ కాగితమే రేపు ఆమెకు ఎదురుతిరుగుతుంది. వివాదం తేలేలోగా గేదె నారాయణవలస సంతకో, మానాపురం సంతకో చేరితే జాడ తీయడం మరింత కష్టం.

సాకిన చేతికి విలువేదీ?

కొన్నది ఎవరన్న ప్రశ్నతోపాటు సాకింది ఎవరన్నదీ చూడాలని కొన్ని దేశాలు గుర్తించాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2019 నుంచి పెంపుడు జంతువు సంరక్షణను బట్టి అది ఎవరి దగ్గర ఉండాలో కోర్టు నిర్ణయించవచ్చు. స్పెయిన్‌లో 2022లో అమల్లోకి వచ్చిన చట్టం కుటుంబసభ్యుల క్షేమంతోపాటు జంతువు క్షేమాన్నీ చూడమంటోంది. మన సుప్రీంకోర్టు సైతం 2014లో జల్లికట్టు కేసులో జంతువులకూ గౌరవంగా బతికే హక్కు ఉందని పేర్కొంది. ఆ మాట వివాహ చట్టాల్లోకి ఇంకా చేరలేదు. ఇద్దరూ వద్దనుకుని ఆకలిదప్పులకు వదిలేస్తే మాత్రం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే.

ఒక్క వాక్యం చాలు

చట్టం మారేదాకా ఆగనక్కరలేదు. పరస్పర అంగీకారంతో విడిపోయేవారు ఒప్పంద పత్రంలోనే పశువు ఎవరిదో, దూడలు ఎవరివో, సంఘం రుణం ఎవరు తీర్చాలో రాసుకోవచ్చు. పిల్లలకు మాలిమి అయిన కుక్క పిల్లలున్న చోటే ఉండేలా చూడవచ్చు. ట్యాగు వివరాల్లో యజమాని పేరు మార్పించుకోవడమూ మరువరాదు. రాజీ కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు అక్కడ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు.

ఊరి పెద్దలు తగవు తీర్చేటప్పుడు బంగారం తూకం వేస్తారు, సామాన్ల జాబితా రాస్తారు. ఆ జాబితాలో గేదెకూ ఒక వరుస కేటాయిస్తే, పుట్టింటికి చేరిన మహిళకు మర్నాటి నుంచి పూట గడిచే ఆధారం దొరుకుతుంది.