ఏడున్నరవ అలవాటు

2006వ సంవత్సరము ఆగస్టు మాసమున, అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్రమందు షార్లట్ నగర ప్రజాగ్రంథాలయ సంస్థవారు తమ ఉద్యోగుల ముందు 23 పనుల పట్టిక నొకదాని నుంచి, 9 వారముల గడువిచ్చి, తరగతులు పెట్టక, పరీక్షలు జరుపక, ఇవన్నియు మీయంతట మీరే చేసి చూడుడని చెప్పిరి. సొంత బ్లాగు తెరచుట, ఫ్లికరులో ఛాయాచిత్రములు వెదకుట, నచ్చిన వార్తాస్రవంతులను ఒకచోటికి రప్పించుకొనుట, లైబ్రరీథింగులో తన యింటి పుస్తకముల పట్టిక వ్రాసికొనుట, పదుగురు కలిసి దిద్దు వికీ పుటలో తానును ఒక వాక్యము చేర్చుట, యూట్యూబు దృశ్యములు చూచుట, పాడ్‌కాస్టులు వినుట మొదలైనవి ఆ పనులు. గ్రంథాలయ వృత్తివారు ఆ యేట చేసి చూడదగిన 43 పనులను గూర్చి స్టీఫెన్ ఏబ్రం వ్రాసిన వ్యాసమునుండి స్ఫూర్తి పొంది, ఆ సంస్థలో సాంకేతిక వ్యవహారములు చూచుచున్న హెలెన్ బ్లవర్స్ అను అధికారిణి ఈ పథకమును కూర్చిరి. ‘లెర్నింగ్ 2.0’ అని దానికి పేరు. ఎవరైనను తీసికొని వాడుకొనవచ్చునని వారే అనుమతి నిచ్చుటచేత అది అచిరకాలముననే ఆస్ట్రేలియాలోని విక్టోరియాకును, 2010లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయములకును, 2016లో ఎడింబరో విశ్వవిద్యాలయమునకును వ్యాపించినది.

ఆ పట్టికలో రెండవ పని, జీవితాంతము విద్యార్థులుగా నుండగోరువారికి వలసిన ఏడున్నర అలవాట్లను గూర్చిన చిన్న పాఠమును వినుట. గమ్యమును ముందుగా నిశ్చయించుకొనుట, తన చదువునకు తానే పూచీపడుట, తాను నేర్చినదానిని మరియొకరికి నేర్పుట మొదలుగాగల ఆ యేడును ఏ ఉపన్యాసకుడైనను ఏ సభలోనైనను చెప్పగలిగినవే. మిగిలిన సగము అలవాటు మాత్రము విలక్షణమైనది: ఆడుకొనుట. పథకమునకు ప్రాణము ఆ సగములోనే యున్నదని మా అభిప్రాయము.

ప్రభుత్వ కార్యాలయమున ఆట యనునది అపరాధములలో చేరినది. క్రొత్తగా వచ్చిన కంప్యూటరునకు మన కార్యాలయములలో జరుగు ప్రథమ సత్కారము స్టాకు రిజిస్టరునకెక్కించుట. ద్వితీయము గుడ్డ కప్పుట. తృతీయము, అది చెడిపోయినచో జవాబుదారి యెవరో ముందుగానే తేల్చియుంచుట. ఇట్టి కట్టుబాట్లలో ముప్పదియేండ్లు పనిచేసి, పుస్తకమునకు సంఖ్య వేయుట, కార్డు వ్రాయుట, బీరువాలో దాని చోటు దానికి చూపుట అను విద్యలలో ఆరితేరిన గ్రంథపాలకుడు, తన కుమారునికంటె చిన్నవాడైన శిక్షకుని యెదుట, ఎచట నొక్కవలెనో తెలియక తడబడుటకంటె ఆ గది దరిదాపులకు పోకుండుటయే గౌరవమని తలచినచో అతనిని తప్పుపట్టుటెట్లు? షార్లట్ వారు ఈ సంకోచమును చక్కగా గ్రహించిరి. ప్రతి ఉద్యోగియు తాను చేసిన పనిని తన బ్లాగులో వ్రాసికొనవలెను, కాని మారుపేరుతో వ్రాసికొనవచ్చును. హాజరుపట్టీయు, పాఠమును, వ్రాతపుస్తకమును ఆ బ్లాగే యగుటచేత వేరొక తనిఖీ అవసరము లేకపోయినది. మారుపేరు చాటున అజ్ఞానము బయటపడు భయమును లేకపోయినది. చిక్కు వచ్చినచో ప్రక్కబల్లవారిని అడుగుటయే వారికున్న పాఠశాల.

గడువులోపల అన్ని పనులు ముగించినవారికి ఎం.పి.3 ప్లేయరొక్కటి బహుమానము; అట్టివారిలో చీటి తీసి ఒకరికి లాప్‌టాప్. జీతము పుచ్చుకొనువారికి నేర్చుకొనుటకు లంచమేల యని మనవారు కొందరు ముక్కున వేలు వేసికొనవచ్చును. అయితే ఆ పట్టికలోనే పాడ్‌కాస్టులును, దింపుకొని వినదగిన శ్రవ్యగ్రంథములును ఉండుటచేత, ఆ బహుమానము చేతికి వచ్చిన పనిముట్టే. మన సభలలో సన్మానితునికి కప్పు శాలువకంటె అది ఉపయోగకరమని చెప్పుటకు మాకు వెనుకాడవలసిన పనిలేదు.

ఈ నేర్పువలన గ్రంథాలయమునకు ఒరిగినదేమి యని అడుగువారికి వేరొక ఉదాహరణము చూపవలెను. 2008 జనవరిలో వాషింగ్టనులోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసువారు తమ భాండారమునుండి మూడువేలకు పైగా పాత ఛాయాచిత్రములను ఫ్లికరులో బహిరంగముగా ఉంచిరి. వానిలో సగమునకు దగ్గరగా 1910 ప్రాంతమున బెయిన్ అను వార్తాసంస్థవారు తీయించిన గాజుపలకల చిత్రములు. అనేకములకు ఒకటి రెండు ముక్కల గురుతులే తప్ప, అందున్నవారెవరో, ఆ సంఘటన యేదో వివరము లేదు. చూచిన జనులు ఊరకుండలేదు. ఒకరు నాటి వార్తాపత్రికను తిరుగవేసి తేదీ కనుగొనిరి. ఒకరు వీథిని గుర్తించిరి. మరియొకరు భవనపు గోడమీది అక్షరములను చదివి ఊరు చెప్పిరి. ఈ వ్యాఖ్యలను గ్రంథాలయోద్యోగులు ఒక్కొక్కటిగా పరిశీలించి, నిజమని తేలినవానిని తమ అధికార సూచికలో చేర్చిరి. ఆ యేడు ముగియకమునుపే ఐదువందలకు పైగా నమోదులు ఇట్లు సవరింపబడినవి. ఇందు గమనింపదగినది, జనులు చెప్పినదెల్ల వేదముగా గైకొనక, చెప్పినవానిని త్రోసిపుచ్చక, సరిచూచి స్వీకరించిన గ్రంథపాలకుని వివేకము. ఆ వివేకము వృత్తిలో మునుపటినుండియు ఉన్నదే. దానిని వినియోగించుటకు జనుల నడుమకు పోగల నేర్పు మాత్రము క్రొత్తగా అలవడవలసి వచ్చినది.

పనిముట్లు నశ్వరములు. షార్లట్ పట్టికలో వార్తాస్రవంతులను ఒకచోటికి రప్పించుటకు చెప్పిన బ్లాగ్‌లైన్స్ నేడు లేదు. నచ్చిన లంకెలను దాచుకొనుటకు చెప్పిన డెలీషియస్ చేతులు మారి మారి 2017లో నిలిచిపోయినది. చదువు బడ్జెట్టును కాపాడదనుటయు అనుభవములోనిదే: 2010లో అదే షార్లట్ సంస్థ డబ్బు చాలక తన శాఖలలో పన్నెండింటిని మూసివేయ తీర్మానించి, ప్రజలు గగ్గోలు పెట్టిన పిమ్మట ఆ తీర్మానమును వెనుకకు తీసికొనినది, అయినను అనేకులు కొలువులు కోల్పోయిరి. ఆ ఊరి జనులు తమ గ్రంథాలయము కొరకు వీథికెక్కుటలో ఈ 23 పనుల పాత్ర యెంతయో చెప్పజాలము. జనులు తమదనుకొననిదానికొరకు మాత్రము గగ్గోలు పుట్టదు.

ఇక మన దేశపు మాట. గ్రంథాలయము గడప దాటి జనుల కడకు పోవుట తెలుగువారికి ఎవరును నేర్పవలసిన విద్య కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొల్పి, మరుసటి యేట ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రికను ప్రారంభించిన అయ్యంకి వేంకటరమణయ్యగారును, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును, వారి సహచరులును ఊరూర తిరిగి సభలు జరిపిరి, యాత్రలు సాగించిరి. 1935లో కృష్ణా కాలువపై పడవ నెక్కించి పుస్తకములను గట్టుగ్రామముల ముంగిళ్లకు పంపిరి. ఆనాడు వారికి లభించిన సంఘసాధనములు కాలినడకయు, కాలువయు, నెలపత్రికయు. వానిని వారు అధికారుల ఉత్తరువు కొరకు వేచియుండక వాడుకొనిరి. వారి వారసులకు నేడు చేతిలో ఫోనున్నది; ఊరిలో ఇంటింటను వాట్సాప్ ఉన్నది; అయినను, మా యెరుకలో, పెక్కు శాఖాగ్రంథాలయములలో క్రొత్త పుస్తకములు వచ్చిన సంగతి ఆ పుస్తకములకు పక్కనున్న బీరువాకు మాత్రమే తెలియును.

దీనికి గ్రంథపాలకులనే నిందించుట అన్యాయము. 1960నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలగుచున్నను, ఆ సొమ్ము స్థానిక సంస్థలనుండి జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరుట అరుదు. ఒక్క మనిషియే తలుపు తీసి, ఊడ్చి, పత్రికలు పరచి, ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులకు కుర్చీలు సర్ది, మరల తాళము వేయవలసిన చోట్లు ఎన్నో. అట్టివానిని తన సొంత ఫోనుతో, తన సొంత డబ్బుతో పెట్టించిన డేటాతో సంస్థకు ప్రచారము చేయుమనుట దోపిడియే యగును. మీదుమిక్కిలి పాఠకుడు ఏ పుస్తకము తీసికొనిపోయెనో ఆ సంగతి పదిమందియున్న వాట్సాప్ గుంపునకు ఎక్కరాదను నియమమును కూడ ఎవరో ఒకరు అతనికి చెప్పవలెను గదా.

అయినను చేయదగిన పనులు కలవు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టినది. అందలి వ్యాసములకు లోపించుచున్నవి ఆధారములు. ప్రతి గ్రంథపాలకుడును ఒక్క ఆధారమునైన చేర్చవలెనను ప్రచారోద్యమము 2016లో, వికీపీడియాకు పదునైదేండ్లు నిండిన సందర్భమున, ఆరంభమై ఏటేట సాగుచున్నది. 1918లో వెలసిన వేటపాలెపు సారస్వతనికేతనము వంటి చోట్ల పాత పత్రికల సంపుటములు కుప్పలుగా నున్నవి. వాని నడుమ పనిచేయువారికంటె ఆధారము చూపగలవా రెవరు? ఒక తేదీని సరిచూచి, ఒక పుట సంఖ్యను చేర్చుటకు పట్టునది పావుగంట. అట్లే, 1901లో హైదరాబాదున స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము మొదలుకొని పల్లెటూరి గ్రంథాలయముల వరకు గోడలకు వ్రేలాడు వార్షికోత్సవ ఛాయాచిత్రములలో, ముందువరుసలో కూర్చున్న మాన్యులను మినహాయించి, వెనుక నిలుచున్నవారి పేర్లు వ్రాసియుంచిన చిత్రము లెన్ని? ఆ చిత్రములను అంతర్జాలమున ఊరివారందరును చూచునట్లు పెట్టినచో వారి మనుమలు ఏ హైదరాబాదులోనో డాలసులోనో కూర్చుండి పేర్లు పంపగలరు. పంపినదానిని సరిచూచి వెనుకవైపున వ్రాయవలసినది గ్రంథపాలకుడు.

కావున రెండు తెలుగు రాష్ట్రముల గ్రంథాలయశాఖలకును మా విన్నపము స్వల్పము. శిక్షణ పేరిట రాజధానిలో ఒక దినము ఉపన్యాసము వినిపించి, ధ్రువపత్రమిచ్చి, ప్రయాణభత్యముతో ఇంటికి పంపు పద్ధతిని విడనాడి, ప్రతి శాఖలోని గ్రంథపాలకునకు వారమునకొక గంట పనివేళలోనే కేటాయించి, ఆ గంటలో తెలియనిదానిని తాకి చూచుటకు, తప్పు చేయుటకు, తోటివారిని అడుగుటకు లిఖితపూర్వకముగా అనుమతినిచ్చి, దానికగు డేటా ఖర్చును సంస్థయే భరించవలెను. నవంబరు 14 మొదలు 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో ఒకనాటి ఉపన్యాసములను తగ్గించి, ఆ సాయంకాలమును గోడమీది చిత్రములకు విడిచిపెట్టవలెను. పాఠక మహాశయులు ఆనాడు తమ ఊరి గ్రంథాలయమునకు పోయి, ఆ చిత్రములలో తమకు తెలిసినవారి పేర్లు చెప్పి రావలసినదిగా కోరుచున్నాము.