అమ్మీలకూ ఒక సమందర్ కావాలె

మన సిద్దిపేట ముస్లిం ఇళ్లల్లో ఔరతుల సఫర్ అంటే మూడింటికే: షాదీ, మయ్యత్, దర్గా జియారత్. సైర్ మాత్రం మగపిల్లల సొత్తు. నలుగురు దోస్తులు కారు మాట్లాడుకొని సూర్యలంకకో వైజాగ్‌కో పోయొస్తారు. అమ్మీ, బేగం, బేటీలు వాళ్ల ఫోన్లలో సమందర్ చూసి 'మాషాఅల్లాహ్' అనుకుంటారు. కోమటి చెరువు కట్ట, ఎప్పుడన్నా ఒకసారి రంగనాయక సాగర్. వాళ్ల దునియా అక్కడికే ఖతం.

ఎందుకని అడిగితే రెండు జవాబులు తయారుగా ఉంటాయి. ఒకటి ఖర్చు, రెండోది పర్దా. ఈ రెండింటికీ ఒకటే ఇలాజ్ ఉందని నా రాయ్. సీజన్ లేనప్పుడు పోవాలె. దసరా సెలవుల్లో, కార్తీక స్నానాలప్పుడు బీచ్ నిండా జనమే. లాడ్జి వాడు చెప్పిందే రేటు. అదే వానాకాలంలో, పండగ లేని వారం చూసుకొని పోతే రూముల కోసం బేరమాడొచ్చు. భీడ్ ఉండదు, గూరి చూసే కళ్లుండవు. బురఖా వేసుకున్న అమ్మీ కూడా చెప్పులు చేత పట్టుకొని ఇత్మినాన్‌గా నడవగలదు.

ఎక్కడికి అంటే, నేను మచిలీపట్నమే అంటాను. 2023 అక్టోబర్ నుంచి మన సిద్దిపేటకు సికింద్రాబాద్ రైలుంది. అక్కడ రాత్రి బండెక్కితే తెల్లారేసరికి బందరు. ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో మంగినపూడి బీచ్. ఇసుకకు బదులు నల్లమట్టి, దాని మీద సమందర్. ఫోటోల్లో గోవాలా కనిపించకపోవచ్చు, సుకూన్ మాత్రం దొరుకుతుంది.

ఇంకో వజహ్ కూడా ఉంది. ఇది మనకు పరాయి ఊరు కాదు. గోల్కొండ కుతుబ్ షాహీలకు పెద్ద బందర్‌గాహ్ ఇదే. వాళ్ల జమానాలో హాజీలు ఇక్కడి నుంచే జహాజుల్లో ఎర్ర సముద్రం వైపు సాగిపోయారు. అంగ్రేజులు 1611లో ఇక్కడే కోఠీ పెట్టుకున్నారు. పక్కనే పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతారు. కలం, కారీ రెండూ ఫార్సీ మాటలే. తారీఖ్ పుస్తకంలో చార్మినార్ దగ్గరే ఆగిపోయిన మన పిల్లలకు ఇవన్నీ కళ్లతో చూపించాలె.

ఒక ఎహతియాత్ మాత్రం తప్పదు. వానాకాలపు అలలను నమ్మొద్దు. పిల్లలను మోకాలి లోతు దాటనివ్వొద్దు. తుఫాను ఖబర్ ఉంటే టికెట్ డబ్బులు పోయినా సరే, ఇంట్లోనే ఉండాలె. 1864 తుఫానులో ఈ ఊరు, చుట్టుపక్కల పల్లెలు కలిపి ముప్పై వేల జానులు పోయాయంటారు.

'పైసలు మిగిలినప్పుడు చూద్దాంలే' అనే భాయ్‌సాబులకు ఒక మాట. ఒక షాదీలో దావత్ మీద ఎన్ని రకాల వంటలు పెడతామో మనకు తెలుసు. అందులో రెండు తగ్గిస్తే ఇంటిల్లిపాదీ బందరు పోయిరావచ్చు. పైసలు ఎప్పుడైనా కమాయించుకోవచ్చు. అమ్మీ మోకాళ్లు మాత్రం మన ఫుర్సత్ కోసం ఆగవు. వచ్చే జుమ్మా నమాజ్ అయ్యాక ఇంటికెళ్లి ఆమెనే అడగండి: 'అమ్మీ, సమందర్ చూస్తావా?' జవాబు వచ్చేలోపు ఆమె మొహం చూడండి, చాలు.