ఇంట్లో ఉన్న బిడ్డను ఎవరు అడిగారు?

యుద్ధంలో అయినవాళ్లను పోగొట్టుకున్న బిడ్డను ఒక కుటుంబం తెచ్చి పెంచుకుంటున్నదని వింటే మనం సాధారణంగా రెండు మాటలు అంటాం. ఆ తల్లిదండ్రులది ఎంత పెద్ద మనసో అంటాం. ఆ బిడ్డ అదృష్టవంతురాలు అంటాం. ఆ ఇంట్లో అప్పటికే తొమ్మిదేళ్ల పిల్లవాడో పదకొండేళ్ల పిల్లో ఉంటే, వాళ్ల గురించి ఎవ్వరూ ఏమీ అనరు. తన మంచంలో సగం, తన బీరువాలో ఒక అర, అమ్మ పక్కన పడుకునే చోటు ఇచ్చింది ఆ బిడ్డే గదా! ఈ నాలుగు మాటలు ఆ బిడ్డ తరఫున రాస్తున్నాను.

యుద్ధాలెక్కడ, నరసరావుపేట ఎక్కడ అని మీరు అడగవచ్చు. 2024 చివరి నాటికి ప్రపంచంలో 12 కోట్ల 32 లక్షల మంది యుద్ధాల వల్ల, హింస వల్ల ఇల్లు విడిచి ఉన్నారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. వారిలో నూటికి సుమారు 40 మంది పిల్లలు. మన ప్రాంతం నుంచి నర్సులుగా, ఇంజనీర్లుగా వెళ్లి విదేశాల్లో స్థిరపడిన వారి పిల్లలు ఈ పిల్లల పక్కనే బడిలో కూర్చుంటున్నారు. అంతదూరం పోనక్కరలేదు. 2021లో కోవిడ్ తల్లిదండ్రులిద్దరినీ తీసుకుపోయిన పిల్లలు బాబాయి ఇంటికో మేనమామ ఇంటికో చేరారు. బాంబుల మధ్య నుంచి వచ్చిన బిడ్డకూ ఈ బిడ్డకూ చాలా తేడా ఉంది, కాదనను. కాని తలుపు తీసి "ఈ రోజు నుంచి వీడు నీ తమ్ముడు" అని చెప్పినప్పుడు ఇంట్లో నిలబడి చూసే బిడ్డ స్థితి రెండు చోట్లా ఇంచుమించు ఒకటే.

పల్నాటి సీమకు పెంపుడు బిడ్డ కొత్త కాదు. బ్రహ్మనాయుడు మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా పెంచుకొని సేనాపతిని చేశాడని మన వీరగాథ చెబుతుంది. కడుపున పుట్టిన బాలచంద్రుడూ ఉన్నాడు. కారంపూడిలో ఏటా వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు చాపకూడు పెట్టి, అన్ని కులాలవారూ కలిసి తిన్న ఆ రోజులను ఇప్పటికీ తలుచుకుంటారు. అందరినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టింది తండ్రి. కొంచెం జరిగి చోటిచ్చింది కొడుకు. తండ్రి చేసిన పని మనకు బాగా తెలుసు. బాలచంద్రుడి కత్తి గురించీ తెలుసు. పక్కకు జరిగినప్పుడు ఆ పిల్లవాడికి ఏమనిపించిందో ఒక్కసారైనా అడిగామా?

తెలుగువాళ్లకు నిజమైన యుద్ధ శరణార్థుల అనుభవం కూడా ఉంది. పెద్దవాళ్లు "రంగం" అనే రంగూన్ నగరానికి విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది కూలికి వెళ్లేవారు. రేవులో, బియ్యం మిల్లుల్లో పని. 1931 నాటికి ఆ నగర జనాభాలో సగానికి మించి భారతీయులే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం వారి చేతికి పోయింది. ఓడ దొరకనివారు అరకాను కొండల మీదుగా, మణిపూరు దారిలో కాలినడకన బయలుదేరారు. మొత్తం సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మా విడిచి వచ్చారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి వల్ల దారిలోనే వేలమంది పోయారు. అలా తల్లినో తండ్రినో దారిలో వదిలేసి వచ్చిన పిల్లలు అమ్మమ్మ ఇళ్లకు, పెదనాన్న ఇళ్లకు చేరారు. వాళ్లను ఎవరూ శరణార్థులు అనలేదు, దత్తత అనే మాటా లేదు. "రంగం నుంచి వచ్చిన పిల్ల" అన్నారు, అంతే. ఆ ఇళ్లలో అప్పటికే ఉన్న పిల్లలతో ఎవరైనా కూర్చొని మాట్లాడి ఉంటారా? పూట గడవడమే కష్టమైన రోజులవి. వారిని తప్పు పట్టలేం. మనకు అంత కష్టం లేదు. కాబట్టి మనం మాట్లాడవచ్చు.

ఇలా మాట్లాడిన ఒక ఇల్లు నాకు తెలుసు. 1982లో "గాంధీ" సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో పెరిగిన ఇల్లు అది. జంతువుల మీద చిత్రాలు తీసి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న డేవిడ్ ఆయన తమ్ముడు. ఇంకో తమ్ముడు జాన్. తండ్రి ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో కాలేజీ ప్రిన్సిపాలు. జర్మనీలో యూదులను తరుముతున్న రోజుల్లో, 1938 డిసెంబరు నుంచి 1939 సెప్టెంబరులోగా దాదాపు 10,000 మంది పిల్లలను రైళ్లలో, ఓడల్లో బ్రిటనుకు చేర్చారు. వారిలో ఐరీన్, హెల్గా అనే అక్కచెల్లెళ్లు అటెన్‌బరోల ఇంటికి వచ్చారు. అమెరికాలో బంధువుల దగ్గరకు వెళ్లేలోగా కొద్ది రోజులు ఉందామని వచ్చినవాళ్లు. ఇంతలో యుద్ధం మొదలైంది, ప్రయాణాలు ఆగిపోయాయి. కొద్ది రోజులు కాస్తా ఏడేళ్లయింది.

అప్పుడు ఆ తల్లిదండ్రులు చేసిన పనిని రిచర్డ్ పెద్దయ్యాక చాలాసార్లు చెప్పుకున్నాడు. ముగ్గురు కొడుకులనూ పిలిచి కూర్చోబెట్టారు. ఈ ఆడపిల్లలను ఇంట్లోనే ఉంచుకోవాలని మాకుంది, మీరు కూడా ఒప్పుకుంటేనే అన్నారు. అక్కడితో ఆగలేదు. మీకు మేమున్నాం, వాళ్లకు ఎవరూ లేరు, కాబట్టి మా ప్రేమ కొన్నాళ్లు వాళ్ల వైపే ఎక్కువగా పోతుంది అని తల్లి ముందే చెప్పింది.

నన్ను ఆలోచింపజేసింది ఈ రెండో మాట. మన ఇళ్లలో దీనికి సరిగ్గా ఎదురు చెబుతాం. "ఇద్దరినీ సమానంగానే చూస్తాం నాన్నా" అంటాం. మంచి ఉద్దేశంతోనే అంటాం. కాని అది నిజం కాదు, పిల్లలకు ఆ సంగతి వారం తిరక్కుండానే తెలిసిపోతుంది. కొత్తగా వచ్చిన పిల్ల రాత్రి కేకవేస్తే అమ్మ పరుగెత్తుకు వెళుతుంది. ఆ పిల్ల పళ్లెం విసిరికొడితే నాన్న ఊరుకుంటాడు. అదే పని తాను చేస్తే వీపు పగులుతుంది. సమానం అన్న మాట అబద్ధమైనప్పుడు బిడ్డకు రెండే దారులు. అమ్మానాన్నలు అబద్ధం చెప్పారనుకోవాలి, లేదా తనలోనే ఏదో తక్కువ ఉందనుకోవాలి. చాలామంది పిల్లలు రెండోదే అనుకుంటారు. అంతకంటె "కొన్నాళ్లు మా సమయం దానికే ఎక్కువ పోతుంది, అది నీ తప్పు కాదు, నీకు కష్టమనిపిస్తే మాతో చెప్పు" అనడం ఎంతో నయం. "నువ్వు పెద్దదానివి, సర్దుకో" అనే మాటను మాత్రం మన ఇళ్లలో నుంచి ఊడ్చి పారేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి. యుద్ధం చూసిన బిడ్డ మామూలు బిడ్డలాగే కనిపించవచ్చు. కాని దీపావళి టపాకాయ పేలినా, దూరాన క్వారీలో మందు పేల్చినా మంచం కిందికి దూరుతుంది. రొట్టె ముక్కలు, బిస్కెట్లు దిండు కింద దాస్తుంది. పదేళ్ల వయసులో పక్క తడుపుతుంది. నెలల తరబడి మాట్లాడకపోవచ్చు. చిత్రమేమిటంటే, కాస్త భద్రంగా ఉన్నానని నమ్మకం కలిగాకే కొందరికి కోపం బయటికి వస్తుంది, అదీ తమను ఎక్కువగా ప్రేమించేవారి మీదే. ఆ దెబ్బలు తరచుగా తగిలేది పక్క మంచం మీది తోబుట్టువుకే. ఇవన్నీ దుర్గుణాలు కావు, మనసుకు తగిలిన గాయం లక్షణాలు. ఈ మాట పెద్దలకు డాక్టరు చెబుతారు. ఇంట్లోని బిడ్డకు చెప్పేవారే ఉండరు. దిండు కింద బిస్కెట్లు ఎందుకున్నాయో తెలియని బిడ్డ "దొంగ" అని వెక్కిరిస్తుంది. తెలిసిన బిడ్డ ఇంకో రెండు తెచ్చి పెడుతుంది.

ఆ ఇంటి బిడ్డకూ లక్షణాలుంటాయి. బడికి వెళ్లే వేళకు కడుపునొప్పి, తలనొప్పి, పరీక్షల్లో ఏమీ కనబడదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. మార్కులు పడిపోతాయి. ఇవి కొంత నయం, కనీసం ఎవరో ఒకరు గమనిస్తారు. నాకు ఎక్కువ భయం కలిగించేది మరీ మంచిగా మారిపోయిన బిడ్డ. ఏమీ అడగదు, దేనికీ అలగదు, తన చాక్లెట్ కూడా ఇచ్చేస్తుంది. ఇంటికొచ్చిన వాళ్లంతా మెచ్చుకుంటారు. ఇంట్లో ఇంకొక కష్టానికి చోటు లేదని ఆ బిడ్డ తనంతట తానే తీర్మానించుకుందని వాళ్లకు తెలియదు.

ఇంకొక సంగతి. దీపం ఆర్పేశాక పిల్లలు మాట్లాడుకుంటారు. పెద్దలకూ డాక్టరుకూ చెప్పని విషయాలు, ఇల్లు ఎలా కాలిందో, అమ్మ ఎక్కడ పడిపోయిందో, కొత్తగా వచ్చిన బిడ్డ మొట్టమొదట చెప్పేది పక్కన పడుకున్న అక్కకే. అలా చెప్పుకోగలగడం ఆ బిడ్డకు చాలా మేలు చేస్తుంది. కాని విన్న అక్కకూ పదేళ్లే. అంత బరువు ఆమె ఒంటరిగా మోయకూడదు. "భయం కలిగించే మాట ఏది విన్నా మాతో చెప్పవచ్చు, అది చాడీ కాదు" అని ముందే చెప్పి ఉంచండి. వారంలో ఒక గంటైనా ఆ బిడ్డతో ఒంటరిగా గడపండి. సంతకో, పొలానికో వెంట తీసుకుపోండి, చాలు. ఆమెకంటూ ఒక పెట్టె ఉండనివ్వండి, అందులోనిది పంచుకోమని అడగవద్దు. ఆమెను కాపలాదారుగా, దుబాసీగా వాడుకోవద్దు. ఇద్దరిలో ఎవరికైనా నిద్ర, తిండి, చదువు కొన్ని వారాలపాటు దెబ్బతింటే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు.

వచ్చిన బిడ్డ అనాథే అని తొందరపడి అనుకోవడం కూడా మంచిది కాదు. ఐరీన్, హెల్గా ఇంగ్లండు చేరేనాటికి వాళ్ల నాన్న బతికే ఉన్నాడు. బెర్లిన్‌లో డాక్టరు ఆయన. 1944లో ఆష్విట్జ్ శిబిరంలో ఆయన్ను చంపేశారు. 1975 ఏప్రిల్‌లో వియత్నాం నుంచి 2,500 మందికి పైగా పిల్లలను విమానాల్లో అమెరికాకూ ఇతర దేశాలకూ దత్తతకు తరలించారు. వారిలో కొందరికి తల్లిదండ్రులు ఉన్నారని తర్వాత తేలి, వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. అందుకే యుద్ధం సాగుతుండగా దత్తత మాట ఎత్తవద్దని, ముందు అయినవారి కోసం వెతకాలని శరణార్థుల సంస్థ నియమం పెట్టుకుంది. ఈ సంగతి ఇంటి బిడ్డకూ తెలియాలి. కొత్త చెల్లికి ఇంకొక అమ్మ ఉంది, ఆమె ఫోటో కూడా మన గోడ మీద ఉంటుంది, ఆ చెల్లి ఒకరోజు వెళ్లిపోవచ్చు కూడా. యుద్ధం ముగిశాక ఐరీన్, హెల్గా అమెరికా వెళ్లిపోయారు. ఏడేళ్లు కలిసి పెరిగాక వీడ్కోలు చెప్పడం ఆ ముగ్గురు మగపిల్లలకు మాత్రం తేలికా?

చట్టం గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే తోబుట్టువుల అసలు పరీక్ష ఆస్తి పంపకం నాడు వస్తుంది. 1956 నాటి దత్తత చట్టం హిందువులకే వర్తించింది. క్రైస్తవ కుటుంబం బిడ్డను తెచ్చుకుంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. బిడ్డ మేజరు కాగానే ఆ బంధం కాగితం మీద తీరిపోయేది. వీలునామా రాయకపోతే వాటా లేదు. అంటే ఒకే కంచంలో తిని పెరిగిన ఇద్దరిలో ఒకరు వారసులు, ఒకరు ఎవరూ కారు! ఇవ్వాలో వద్దో తేల్చే భారం కడుపున పుట్టిన బిడ్డ మీద పడేది. బాల నేరస్థుల, బాలల సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణతో ఏ మతంవారైనా చట్టబద్ధంగా దత్తత తీసుకొనే వీలు కలిగింది. 2014లో సుప్రీంకోర్టు దానిని ధ్రువపరిచింది. ఇప్పుడు 2015 చట్టం అమలులో ఉంది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. పల్నాడు జిల్లా అదే ఏడాది ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి మాచర్ల, గురజాల వారు గుంటూరు దాకా పోనక్కరలేదు, నరసరావుపేట చాలు. "మనవాడే గదా, కాగితాలెందుకు" అని మాత్రం అనుకోవద్దు. ఈ కాగితం ఇంటి బిడ్డకు కూడా రక్షణే.

ఆ కాగితాల్లోనే ఒకటుంది, చాలామంది చూడకుండా తిప్పేస్తారు. ఇంట్లో అప్పటికే అయిదేళ్లు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ సమ్మతి కూడా జత చేయాలి. దరఖాస్తు పెట్టే సాయంత్రం హడావిడిగా "ఇక్కడ పేరు రాయి" అని పెన్ను చేతికి ఇవ్వవద్దు. పది రోజుల ముందే చెప్పండి. ఏ గదిలో ఎవరు పడుకుంటారో, బడికి ఎవరు దింపుతారో, అమ్మ ఎప్పుడు ఖాళీగా ఉంటుందో బిడ్డనే అడగనివ్వండి, తెలిసినంత వరకు జవాబు చెప్పండి. వద్దు అంటే ఎందుకో వినండి, తిట్టవద్దు, బతిమాలవద్దు. ఆ సంవత్సరానికి ఆగండి.