మధుపర్కం ఎవరికి?

సాయంసంధ్యా సమయాన చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఎదుట నిలిచినవారికి ఒక దృశ్యం నిత్యమూ గోచరిస్తుంది. ప్రాతఃకాలం నుండి పుస్తకాలపై వంచిన శిరస్సులు అప్పుడు పైకి లేస్తాయి. పోటీపరీక్షలకు సన్నద్ధమవుతున్న యువతీయువకులు టీ కొట్టు దగ్గర చేరి, గ్లాసు చేతబట్టుకుని, కాసేపు లోకం మాట్లాడుకుంటారు. ప్రక్కనే అశోక్ నగర్ వీధుల నిండా శిక్షణా కేంద్రాలు. ఇటు త్యాగరాయ గానసభలో ప్రవచనమో, పుస్తకావిష్కరణో, కచేరీయో. అటు వేంకటేశ్వరస్వామి ఆలయంలో హారతి. ఇంకొంత నడిస్తే నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పంతులుగారి పేరిట వెలసిన బాలికల పాఠశాల. పరీక్షకై చదివేవారు, రసానందానికై చదివేవారు, తరించడానికై చదివేవారు, ముత్తెరగుల పాఠకులూ ఒకే కొట్టు ముందు నిలబడే ప్రాంతం ఇది.

చదువరులు కూడిన చోట ఒక వినోదప్రశ్న తలెత్తడం సహజం. గ్రంథకర్తలలో ఒక్కరితో కూర్చుని, ఒక కప్పు కాఫీ త్రాగుతూ మాట్లాడే భాగ్యం లభిస్తే ఎవరిని కోరుకోవాలి? ఒకరు పోతనామాత్యుని పేరు చెబుతారు. మరొకరు విశ్వనాథవారి పేరు చెబుతారు. వేదాంతంలో ప్రవేశం కలవారు ఆదిశంకరులను స్మరిస్తారు. పేర్లు చెప్పడంతో వినోదం ముగుస్తుంది. కానీ సాధకునికి అక్కడే అసలు విచారణ ఆరంభం కావాలి. ఎందుకంటే ఆ ఎంపిక గ్రంథకర్తను గురించి చెప్పేది స్వల్పం, ఎన్నుకున్నవానిని గురించి చెప్పేది అధికం.

పూజ్యునితో పానీయాన్ని పంచుకోవడం మన సంప్రదాయానికి క్రొత్త కాదు. గృహ్యసూత్రాలు దానికి మధుపర్కమని పేరు పెట్టి, విధిని కూడా చెప్పాయి. ఆచార్యుడు, ఋత్విజుడు, రాజు, స్నాతకుడు మొదలైనవారు ఇంటికి వచ్చినప్పుడు ఆసనం, పాద్యం, అర్ఘ్యం సమర్పించి, పెరుగు తేనె కలిపి ఇచ్చేదే మధుపర్కం. తెలుగునాట నేడది వివాహవేదికపై మాత్రమే మిగిలింది. పైగా ఆ మాట వధూవరులు కట్టుకునే నూతన వస్త్రాలకు పేరుగా మారిపోయింది. విధి మరుగున పడినా దాని అంతరార్థం మాత్రం స్పష్టం. ఇక్కడ యజమాని స్థానంలో ఉన్నది ఆహ్వానించేవాడే. కనుక పాఠకుడు వేసుకోవలసిన ప్రశ్న "ఎవరితో కూర్చుంటే ఆనందం" అన్నది కాదు, "ఎవరిని ఆహ్వానించే యోగ్యత ఉంది" అన్నది.

ఆ యోగ్యత పాండిత్యం వలన సిద్ధించదు, ప్రశ్న వలన సిద్ధిస్తుంది. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిత్పాణులై పిప్పలాద మహర్షిని సమీపించారు. ఆయన వెంటనే బోధకు ఉపక్రమించలేదు. ఒక సంవత్సర కాలం తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో నివసించండి, ఆపై మీ ఇచ్ఛానుసారం ప్రశ్నించండి, మాకు తెలిసినట్లయితే సర్వమూ చెబుతామన్నారు. కఠోపనిషత్తులో నచికేతసుడు యముని గృహంలో మూడు రాత్రులు నిరాహారుడై నిరీక్షించాడు. అతిథికి జరిగిన ఆ లోపానికి ప్రతిగా లభించిన మూడు వరాలలో మూడవదానిని అతడు ఆత్మను గూర్చిన ప్రశ్నకే వినియోగించాడు. ఏనుగులు, అశ్వాలు, దీర్ఘాయువు ఇస్తానన్నా ఆ ప్రశ్నను విడువలేదు.

ఇట్టి ప్రశ్న లేనివానికి ఎంతటి మహాకవి ఎదురుగా కూర్చున్నా కలిగేది దర్శనమే గాని సంవాదం కాదు. ప్రవచనం ముగిసిన వెంటనే వక్తతో ఛాయాచిత్రం తీయించుకోవడానికి గుమికూడి, విన్న విషయాన్ని వాకిటిలోనే విడిచిపోయే నేటి ధోరణికి మూలం ఇదే. సామీప్యం మీద ఉన్న ఆశ శ్రవణం మీద లేదు.

ఈ దృష్టితో చూస్తే ముందు చెప్పిన మూడు పేర్లూ వందనీయాలే అయినా, మూడింటి విషయంలోనూ సాధకుడు ఒక్క క్షణం ఆగవలసి ఉంటుంది. శంకరుల భాష్యాలే సంవాదాలు. పూర్వపక్షి ఆక్షేపించడం, సిద్ధాంతి సమాధానం చెప్పడం ప్రతిపుటలోనూ సాగుతూనే ఉంటుంది. అధికారం కలవాడు ఇప్పటికే ఆయన సన్నిధిలో కూర్చుని ఉన్నాడు. పోతన సన్నిధిలో భక్తునికి కన్నీరు వస్తుంది గాని మాట రాదు. రామాయణ కల్పవృక్షానికి 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందిన విశ్వనాథవారి ఎదుట ఎక్కువమంది ప్రశ్నించడానికి బదులు పరీక్షకు కూర్చున్నట్లు భయపడతారు.

చిక్కడపల్లి గ్రంథాలయపు మెట్ల మీద కూర్చున్న నేటి పాఠకునికి నిజమైన ప్రశ్న ఒకటి ఉంది. దానిని వినదగిన గ్రంథకర్త వేరొకరున్నారు. ఆయన వాసుదాసస్వామిగా ప్రసిద్ధులైన వావిలికొలను సుబ్బారావుగారు (1863–1936).

కడప మండలానికి చెందిన సుబ్బారావుగారు మొదట ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేశారు. అనంతరం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. వాల్మీకి రామాయణాన్ని మూలానుసారంగా తెలుగు పద్యాలలోనికి తెచ్చి ఆంధ్రవాల్మీకి అన్న బిరుదు పొందారు. దానికి మందరమన్న పేరుతో ఆయన వ్రాసిన విపుల వ్యాఖ్య నేటికీ రామభక్తుల ఇండ్లలో పారాయణ గ్రంథం. అంతటి పండితులు, ఉన్నత కళాశాలలో గౌరవస్థానం అనుభవించినవారు, ఒంటిమిట్ట కోదండరామాలయం జీర్ణస్థితిలో ఉండటం చూచి, టెంకాయచిప్ప చేతబట్టి బిచ్చమెత్తారు. అలా సేకరించిన ధనంతో ఆలయాన్ని ఉద్ధరించారు.

ఇప్పుడు అశోక్ నగర్ యువకుని స్థితి పరిశీలించాలి. అతడు కోరుతున్నది సుబ్బారావుగారు ఒకనాడు చేసిన రెవెన్యూ ఉద్యోగం వంటిదే. ప్రకటన కోసం నిరీక్షణ, పరీక్ష వాయిదా, ఫలితంలో జాప్యం, వీటి మధ్య సంవత్సరాలు గడిచిపోతాయి. ఊరికి వెళితే బంధువులు అడిగే మొదటి మాట ఉద్యోగం గురించే. ఆ మాటకు జంకి పండుగకు కూడా ఇంటికి వెళ్ళనివారున్నారు. ఆకలికన్నా, అలసటకన్నా వారిని ఎక్కువగా దహించేది సిగ్గు. ప్రయత్నం ఫలించనప్పుడు లోకం అనే మాట ఒకటుంది: చివరికి చేతికి చిప్ప వచ్చింది.

లోకం పరాభవ చిహ్నంగా చెప్పుకునే ఆ చిప్పనే వాసుదాసస్వామి స్వయంగా కోరి చేతబట్టారు. కనుక ఆయనను ఆహ్వానించినవాడు అడుగవలసిన ప్రశ్న ఛందస్సును గురించి కాదు, అలంకారాలను గురించీ కాదు. "అయ్యా, పదిమంది నమస్కరించే పదవిలో ఉన్న మీకు చేయి చాచడానికి సిగ్గు ఎలా పోయింది?" అన్నదే ఆ ప్రశ్న.

ఆయన ఏమని సమాధానం ఇచ్చేవారో కల్పించి ఆయన నోట పలికించడం అపచారం. అయితే ఆయన జీవితం రెండు విషయాలను నిర్వివాదంగా చూపుతుంది. మొదటిది, జీవనోపాధి సాధనకు శత్రువు కాదు. లెక్కలు వ్రాసిన చేయి, పాఠం చెప్పిన నోరు రామకథకు పనికిరాకుండా పోలేదు. కనుక ఉద్యోగం కోరడం దోషమని గాని, పుస్తకాలు మూసి అడవికి పోవాలని గాని యువకునికి చెప్పడం అవివేకం. రెండవది, గౌరవం పదవిలో లేదు, పాత్రలోనూ లేదు, ఎవరి నిమిత్తం ఆ పాత్రను పట్టుకున్నామో అందులో ఉంది. తన కొరకు చాచిన చేయి కుంచించుకుపోతుంది. రాముని కొరకు చాచిన చేతిలో అదే చిప్ప అర్ఘ్యపాత్ర అయింది.

ఇక్కడ విజ్ఞులు ఒక ఆక్షేపం తీసుకురావచ్చు. గ్రంథం ఉండగా గ్రంథకర్త ఎందుకు? వేదాన్ని అపౌరుషేయమన్న మీమాంసకుల మతంలో ఆహ్వానించడానికి కర్తయే లేడు కదా! ఆక్షేపం ఉచితమైనదే. శ్రుతి విషయంలో అది పరమప్రమాణం కూడా. కానీ పౌరుషేయ గ్రంథాల మాట వేరు. శ్రుతిస్మృతుల తరువాత సదాచారాన్ని కూడా ధర్మప్రమాణంగా మన పూర్వులు పరిగణించారు. మందరం వంటి గ్రంథానికి కర్త నడచిన నడతయే ప్రథమ వ్యాఖ్యానం. త్యాగాన్ని గురించి చక్కగా వ్రాసినవారు అనేకులు. వ్రాసిన దానికి చిప్ప పట్టినవారు అరుదు.

కావున ఈ వినోదప్రశ్నను సాధకుడు వ్రతంగా స్వీకరించవచ్చు. విధానం కష్టమైనది కాదు. మనస్సును నిజంగా బాధిస్తున్న ప్రశ్న ఒక్కటి నిర్ణయించుకోవాలి. ఆ ప్రశ్నను స్వయంగా అనుభవించిన గ్రంథకర్తను ఒక్కరిని ఎన్నుకోవాలి. పిప్పలాదుడు విధించిన గడువు మేరకు ఒక సంవత్సరం ఆ గ్రంథాన్ని నియమంతో చదవాలి. రోజుకు ఒక పుట చాలు, అది పరీక్షాభ్యాసానికి విఘ్నం కాదు. సంవత్సరాంతానికి ప్రశ్న తొలగిపోతే సమాగమం జరిగినట్లే. తొలగకపోతే అది మరింత నిశితమవుతుంది. అదీ లాభమే.

ప్రియమైన గ్రంథకర్తను ఎన్నుకునేటప్పుడు మనను మెచ్చుకోగలవానిని గాక, మన సిగ్గును మననుండి అడిగి తీసుకోగలవానిని ఎన్నుకోవాలి. చిక్కడపల్లిలో సంధ్యవేళ టీ గ్లాసుతో నిలబడిన యువకునికి ఎదురుగా, టెంకాయచిప్పతో ఒక వృద్ధ రామదాసు కూర్చోవడానికి చోటు ఎప్పుడూ ఉంది. పిలవవలసినది ఆ యువకుడే.

శ్రీరామార్పణమస్తు.